టెనాంటోసారస్‌ని నిజంగా వేటాడింది ఎవరు?

మీ ప్రశ్న ఇది: మీ అమ్మాయి పుస్తకంలో ఒక పెద్ద శాకాహారి డైనోసార్ మీదికి అరడజను రాప్టర్లు (కాలికి కొడవలిలాంటి గోరున్న మాంసాహారి డైనోసార్లు) ఒకేసారి దూకుతున్న బొమ్మ ఉంది. కింద "టెనాంటోసారస్‌ని గుంపుగా వేటాడుతున్న డైనోనికస్‌లు" అని రాసి ఉంది. దీనికి ఆధారం ఉందా, లేక బొమ్మ గీసినవాళ్ల ఊహేనా అని అడిగారు. హైదరాబాద్‌లో పాపకి చూపించడానికి నిజమైన డైనోసార్ ఎముకలేమైనా ఉన్నాయా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. డైనోనికస్‌లు టెనాంటోసారస్‌ని తిన్నాయి, అందులో అనుమానం లేదు. చంపి తిన్నాయన్నది, కనీసం పిల్లల విషయంలో, సగం ఎదిగినవాటి విషయంలో నమ్మదగిన మాటే. గుంపు కట్టి, ఒకదానికొకటి సాయపడుతూ, పూర్తిగా ఎదిగిన టన్ను బరువు జంతువుని పడగొట్టాయన్నదానికి మాత్రం ఆధారం బలహీనం. తినడం, చంపడం, గుంపుగా వేటాడడం మూడు వేర్వేరు విషయాలు. ఒక్కోదానికి ఒక్కో రకం రుజువు కావాలి. బొమ్మలో మూడూ కలిసిపోతాయి కాబట్టి చూసేవాళ్లకి తేడా తెలియదు. శిలాజాల మీద చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను, కొత్తగా వచ్చే విద్యార్థులకి నేను మొదట చెప్పేది ఈ జంట గురించే. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

శాకాహారితో మొదలుపెడతాను. పుస్తకాలన్నీ దీన్ని వేటగాడి భోజనంగానే చూపిస్తాయి. నాకు ఆ పద్ధతి నచ్చదు. దాని బతుకు ఎలాంటిదో తెలిస్తేనే దాన్ని ఎవరు, ఎప్పుడు చంపగలరో తెలుస్తుంది.

టెనాంటోసారస్ సుమారు 11 కోట్ల ఏళ్ల క్రితం, ఇప్పటి అమెరికా పశ్చిమ ప్రాంతంలో బతికింది. మోంటానా, వయోమింగ్ రాష్ట్రాల్లో క్లోవర్లీ అని పిలిచే రాతి పొరల్లో దీని ఎముకలు ఎక్కువగా దొరుకుతాయి. ఓక్లహోమాలో ఆంట్లర్స్ పొరల్లోనూ, టెక్సస్‌లోనూ దొరికాయి. అప్పట్లో అవి నదులు పారే మైదానాలు. పొడవు 6 నుంచి 8 మీటర్లు, అందులో సగానికి పైగా తోకే. బరువు ఒక టన్ను అటూ ఇటూ. మూతి ముందు భాగం పక్షి ముక్కులా గట్టిగా ఉండేది, దాంతో ఆకులూ కొమ్మలూ తెంపి లోపలి పళ్లతో నమిలేది. ఎక్కువగా నాలుగు కాళ్ల మీద నడిచేది, అవసరమైతే వెనక కాళ్ల మీద లేవగలిగేది. వెన్ను, నడుము, తోక పొడవునా కండరాలను ఎముకలకు కట్టి ఉంచే స్నాయువులు ఎముకలాగే గట్టిపడి ఉండేవి. వాటివల్ల ఆ భారీ తోక నేలకి ఈడ్చుకుపోకుండా బిగువుగా నిలిచేది.

ఇక దీనికి లేనివి చూడండి. కొమ్ముల్లేవు. ఒంటి మీద కవచం లేదు. తోక చివర ముళ్లు లేవు. అదే మైదానంలో తిరిగిన సారోపెల్టా అనే మరో శాకాహారికి వీపంతా ఎముక పలకలు, మెడకి రెండు పక్కలా పొడవాటి ముళ్లు ఉండేవి. దాని జోలికి వెళ్లడం ఏ మాంసాహారికైనా కష్టమే. టెనాంటోసారస్‌కి ఉన్నదల్లా పెద్ద ఒళ్లు, బరువైన తోక. అది కూడా ఎదిగాకే. చిన్నప్పుడు ఆ రెండూ ఉండవు. ఈ మాట గుర్తుంచుకోండి, దీని అవసరం మళ్లీ పడుతుంది.

ఈ జంతువుకి పేరు రావడానికి చాలా కాలం పట్టింది. మొదటి ఎముకలు 1903లోనే న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ బృందానికి మోంటానాలో దొరికాయి. 1930లలో అదే ప్రాంతంలో బార్నమ్ బ్రౌన్ నాయకత్వంలో ఇంకా చాలా తవ్వి తీశారు. టైరనోసారస్‌ని మొదట తవ్వి తీసింది కూడా ఈ బ్రౌనే. కానీ ఈ శాకాహారి మీద ఆయన శాస్త్రీయ వివరణ ప్రచురించలేదు. 1960లలో యేల్ విశ్వవిద్యాలయం నుంచి జాన్ ఆస్ట్రమ్ అదే కొండల్లోకి వెళ్లి 40కి పైగా నమూనాలు సేకరించాడు. 1970లో టెనాంటోసారస్ అన్న పేరుతో ప్రచురించింది ఆయనే.

డైనోనికస్ కూడా ఆస్ట్రమ్ చేతికే వచ్చింది. 1964 ఆగస్టులో మోంటానాలోని బ్రిడ్జర్ అనే ఊరి దగ్గర ఆయనా, సహాయకుడు గ్రాంట్ మేయరూ దాని ఎముకలు చూశారు. 1969లో పేరు పెట్టారు. పొడవు 3 మీటర్ల పైన, బరువు 70 నుంచి 100 కిలోలు, కాలి రెండో వేలికి కొడవలిలాంటి పెద్ద గోరు. ఆ రోజుల్లో డైనోసార్ అంటే మందకొడిగా కదిలే జంతువని అనుకునేవాళ్లు. ఈ అస్థిపంజరం చూశాక అలా అనుకోవడం కుదరలేదు. పరుగెత్తడానికీ, గెంతడానికీ, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో తన్నడానికీ తగిన శరీరం అది. పక్షులు డైనోసార్ల నుంచి వచ్చాయన్న పాత ఆలోచనని ఆస్ట్రమ్ తిరిగి నిలబెట్టింది కూడా ఈ జంతువు చేతి ఎముకల్ని ఆర్కియోప్టెరిక్స్ అనే తొలి పక్షితో పోల్చి చూశాకే. అందుకే నాకు ఇది 20వ శతాబ్దంలో దొరికిన అతి ముఖ్యమైన డైనోసార్లలో ఒకటి అనిపిస్తుంది.

సినిమాల్లో వెలాసిరాప్టర్ పేరుతో చూపించే జంతువు పరిమాణం నిజానికి డైనోనికస్‌కి దగ్గర. అసలు వెలాసిరాప్టర్ మంగోలియాలో, దీని తర్వాత మూడు కోట్ల ఏళ్లకి పైగా గడిచాక బతికింది. బరువు 15-20 కిలోలే. దాని ముంజేతి ఎముక మీద ఈకలు అతుక్కునే బుడిపెలు ఉన్నాయని 2007లో చూపించారు. దగ్గరి బంధువులకి ఈకలు ఉన్నాయి కాబట్టి డైనోనికస్‌కీ ఉండేవని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. మీ పాప పుస్తకంలో రాప్టర్ల ఒంటికి పొలుసులే ఉంటే అది పాత బొమ్మ అని అర్థం.

ఇప్పుడు రుజువుల దగ్గరికి వద్దాం.

మొట్టమొదటి రుజువు పళ్లు. మాంసాహార డైనోసార్లకి జీవితాంతం పాత పళ్లు ఊడిపోతూ కొత్తవి వచ్చేవి. మాంసం పీకేటప్పుడు, ఎముక తగిలినప్పుడు ఊడడానికి సిద్ధంగా ఉన్న పళ్లు అక్కడే రాలిపోయేవి. అందుకని ఒక కళేబరం చుట్టూ ఒకే జాతి మాంసాహారి పళ్లు రాలి ఉంటే, అది అక్కడ తిన్నదని అర్థం. డైనోనికస్ పళ్లు గుర్తుపట్టడం తేలికే, పంటి వెనక అంచున ఉండే రంపపు కక్కులు ముందు అంచువాటికంటే పెద్దవిగా ఉంటాయి. క్లోవర్లీ పొరల్లో టెనాంటోసారస్ ఎముకలు దొరికిన చాలా చోట్ల వాటి మధ్యే ఈ పళ్లు దొరికాయి. 1995లో డెస్మండ్ మాక్స్‌వెల్, ఆస్ట్రమ్ కలిసి ఈ లెక్కలన్నీ ఒకచోట పెట్టారు. ఇది ఒకటి రెండు చోట్ల యాదృచ్ఛికంగా జరిగింది కాదు, పదే పదే కనిపించే సంగతి. డైనోనికస్ ఆహారంలో టెనాంటోసారస్ ముఖ్యమైనదని నేను ధైర్యంగా చెప్పేది దీన్ని బట్టే.

ఎముక మీద గాట్లు కూడా ఉన్నాయి. టెనాంటోసారస్ ఎముకల్లోకి లోతుగా దిగిన డైనోనికస్ పంటి గుర్తుల్ని పాల్ జిగ్నాక్ బృందం 2010లో వివరించింది. అంత లోతు గుర్తు పడాలంటే ఎంత బలంగా కొరకాలో ప్రయోగం చేసి 4,100 నుంచి 8,200 న్యూటన్లని (న్యూటన్ అంటే బలానికి కొలత) లెక్క కట్టారు. పుర్రె ఆకారాన్ని బట్టి వేసిన ఇతర అంచనాలు దీనికంటే చాలా తక్కువ, కాబట్టి ఆ అంకెని నేను పట్టుకుని కూర్చోను. గాట్లు ఉన్న మాట మాత్రం నిజం.

అయితే పళ్లు, గాట్లు చెప్పేది తినడం గురించే. ఎండాకాలంలో నీళ్లు లేక చచ్చిన జంతువుని తిన్నా పళ్లు రాలతాయి, బురదలో కూరుకుపోయి చచ్చినదాన్ని తిన్నా రాలతాయి, స్వయంగా చంపి తిన్నా రాలతాయి. నేలలో మిగిలేది ఒకటే. ఈ మూడింటిలో ఏది జరిగిందో పళ్లని చూసి విడదీయలేం.

గుంపు వేట కథ ఎక్కడ పుట్టిందో చూడండి. యేల్ బృందం తవ్విన ఒక గుంతలో కనీసం నాలుగు డైనోనికస్‌ల ఎముకలు, వాటితో పాటు టెనాంటోసారస్ ఎముకలు కలిసి దొరికాయి. 100 కిలోల జంతువు ఒంటరిగా టన్ను బరువు జంతువుని చంపలేదు. ఇక్కడ చూస్తే నాలుగు ఒకేచోట చచ్చి ఉన్నాయి. కాబట్టి గుంపుగా దాడి చేశాయి, ఆ పోరాటంలో కొన్ని చచ్చిపోయాయి అని ఆస్ట్రమ్ వాదించాడు. ఓక్లహోమాలో ఆంట్లర్స్ పొరల్లో కూడా ఒకచోట వేర్వేరు వయసుల ఆరు టెనాంటోసారస్‌లు, వాటి మధ్య ఒక డైనోనికస్ అస్థిపంజరం కొంత భాగం, ఎన్నో పళ్లు దొరికాయి. చదివితే బాగా నప్పిన వాదనలాగే ఉంటుంది. దశాబ్దాల పాటు అందరూ అలాగే నమ్మారు, బొమ్మలూ అలాగే వచ్చాయి.

2007లో బ్రయన్ రోచ్, డేనియల్ బ్రింక్‌మన్ ఆ గుంతలనే మళ్లీ పరిశీలించి వేరే మాట అన్నారు. కొమోడో డ్రాగన్‌లని చూడండి అన్నారు. ఒక కళేబరం వాసన పట్టి ఎక్కడెక్కడివో వచ్చి చేరతాయి. పెద్దవి ముందు తింటాయి. చిన్నవి తొందరపడి దగ్గరికొస్తే వాటిని కరుస్తాయి, చంపుతాయి, ఒక్కోసారి తినేస్తాయి కూడా. చూసేవాళ్లకి అది గుంపులా కనిపిస్తుంది గానీ వాటి మధ్య సహకారం ఏమీ లేదు. యేల్ గుంతలోని డైనోనికస్‌లు పూర్తిగా ఎదగనివనీ, వాటిలో లేకుండా పోయిన భాగాలు సాటి డైనోనికస్‌లు తిన్నట్టుగా ఉన్నాయనీ వాళ్లు చూపించారు. టెనాంటోసారస్ పోరాడి వాటిని చంపి ఉండాల్సిన అవసరం లేదు, తిండి దగ్గర కొట్లాటే చాలు.

గుంపు వేట అనగానే మనకి గుర్తొచ్చేది నల్లమల లాంటి అడవుల్లోని రేచుకుక్కలు. 15-20 కిలోల జంతువులు కలిసి తరిమి, వంతులేసుకుని కరిచి, తమకంటే పదింతలు బరువున్న సాంబర్ దుప్పిని కూడా పడగొడతాయి. డైనోనికస్‌కీ టెనాంటోసారస్‌కీ బరువులో ఉన్న తేడా దాదాపు ఇదే. అందుకే ఆ ఊహ మనకి అంత సహజంగా అనిపిస్తుంది. కానీ రేచుకుక్కలు ఆ పని చేయగలగడం వెనక వాటి కుటుంబ జీవితం ఉంది. పిల్లల్ని అందరూ కలిసి పెంచుతారు, తిన్నది కక్కి పిల్లలకి పెడతారు. బరువుల లెక్క సరిపోయినంత మాత్రాన ఆ కుటుంబ జీవితం కూడా ఉందని అనుకోలేం. డైనోసార్లకి ఈనాటి బంధువులు మొసళ్లు, పక్షులు. వాటిలో కలిసి వేటాడేవి లేకపోలేదు. అమెరికా ఎడారుల్లో ఉండే హారిస్ డేగలు కలిసి కుందేళ్లని పట్టడం ప్రసిద్ధం. కానీ వేటాడే పక్షుల్లో ఎక్కువ భాగం ఒంటరివే.

కుటుంబ జీవితం ఉందా లేదా అన్నదాన్ని పరీక్షించడానికి ఒక చక్కని దారి 2020లో వచ్చింది. అమెరికాలో జోసెఫ్ ఫ్రెడరిక్సన్ బృందం డైనోనికస్ చిన్న పళ్లనీ పెద్ద పళ్లనీ తీసుకుని వాటిలోని కార్బన్ ఐసోటోపులు (బరువులో కొద్దిగా తేడా ఉండే కార్బన్ రకాలు) కొలిచింది. తిన్న తిండి గుర్తు పంటిలో నిలిచిపోతుంది. పెద్దవి గుంపుగా వేటాడి పిల్లలకి అదే మాంసం పెట్టి ఉంటే చిన్న పళ్లలోనూ పెద్ద పళ్లలోనూ ఒకే సంకేతం ఉండాలి. కానీ రెండూ వేరువేరుగా వచ్చాయి. అంటే పిల్లలు ఒకటి తిన్నాయి, పెద్దవి మరొకటి తిన్నాయి. అదే చోట దొరికిన మొసళ్ల పళ్లలోనూ ఇలాంటి తేడానే కనిపించింది. మొసలి పిల్లలు పురుగులూ చేపలతో మొదలుపెట్టి, ఎదిగేకొద్దీ పెద్ద జంతువుల మీదికి వెళతాయి. తల్లి వేటాడి తెచ్చిపెట్టదు. నా దృష్టిలో ఇప్పటిదాకా గుంపు వేట ఊహకి తగిలిన గట్టి దెబ్బ ఇదే, ఎందుకంటే ఇది గుంతలో ఏది ఎక్కడ పడి ఉందన్నదాని మీద ఆధారపడదు.

అటువైపు కూడా ఒక రుజువు ఉంది, దాన్ని చెప్పకపోతే తప్పవుతుంది. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో రాప్టర్ జాతి జంతువుల అడుగుజాడలు ఆరు వరసలు పక్కపక్కనే, ఒకదాన్నొకటి దాటకుండా, ఒకే దిక్కుకి వెళుతూ దొరికాయి. పరిమాణంలో ఇవి డైనోనికస్‌కంటే పెద్దవి. ఆ రోజు అవి కలిసి నడిచాయనే అనుకోవాలి. కాబట్టి రాప్టర్లు ఎప్పుడూ ఒంటరివేనని కూడా అనలేం. కలిసి నడవడానికీ కలిసి వేటాడడానికీ మధ్య ఇంకా దూరం ఉంది, అంతే.

గోరు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు చెప్పిన బొమ్మలో రాప్టర్లు దూకి గోళ్లతో పొట్ట చీరుతున్నట్టు గీసి ఉంటారనుకుంటాను. ఆస్ట్రమ్ కాలంలో అందరూ అలాగే అనుకున్నారు. 2006లో ఫిలిప్ మానింగ్ బృందం అదే ఆకారంలో యాంత్రిక కాలు తయారుచేసి జంతు మాంసం మీద పరీక్షిస్తే గోరు చర్మాన్ని చీల్చలేదు, గుండ్రటి రంధ్రం మాత్రం పడింది. దాని లోపలి అంచు కత్తిలా పదునుగా లేదు మరి. 2011లో డెన్వర్ ఫౌలర్ బృందం డేగల, గద్దల కాళ్లతో పోల్చి ఇంకో వివరణ ఇచ్చింది. డేగ తనకంటే చిన్న జంతువు మీద వాలి, గోళ్లతో నేలకి అదిమిపెట్టి, అది ఇంకా కదులుతుండగానే ముక్కుతో తినడం మొదలుపెడుతుంది. అదిమిపెట్టేటప్పుడు పట్టు తప్పకుండా రెక్కలు ఆడిస్తుంది. డైనోనికస్ కూడా అలాగే చేసేదని వాళ్ల వాదన.

నాకు ఈ వివరణ బాగా నచ్చుతుంది. ఎందుకంటే ఇది టెనాంటోసారస్ వైపు నుంచి చూసినా సరిపోతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడే పనికొస్తుంది. ఎదిగిన టెనాంటోసారస్‌ని కాళ్లకింద అదిమిపెట్టడం కుదరదు. పిల్లని పెట్టొచ్చు. సగం ఎదిగినదాన్ని రెండు మూడు కలిసి, సహకారం ఉన్నా లేకపోయినా, పడేయొచ్చు. కవచం, కొమ్ములు లేని జంతువు చిన్నప్పుడు పూర్తిగా నిస్సహాయం. టెనాంటోసారస్ పిల్లలు కొన్ని ఒకేచోట గుంపుగా చచ్చిపోయి దొరికిన సందర్భం కూడా ఉంది. అంటే గూడు వదిలాక అవి కలిసి తిరిగేవనుకోవచ్చు. ఎక్కువ కళ్లు ఉంటే ప్రమాదం ముందే కనిపిస్తుంది.

ఇంకా చిన్నప్పుడు రాప్టర్లు మాత్రమే కాదు, పాలిచ్చే జంతువులు కూడా ప్రమాదమే. క్లోవర్లీ పొరల్లో గోబికోనోడాన్ అనే మాంసాహార క్షీరదం దొరికింది. దాని పెద్ద బంధువు రెపెనోమామస్ చైనాలో దొరికినప్పుడు పొట్ట భాగంలో ఒక డైనోసార్ పిల్ల ఎముకలు ఉన్నాయి. 2005లో వచ్చిన ఆ వార్త చాలామంది ఆలోచనని మార్చింది, అప్పటిదాకా ఆ కాలపు క్షీరదాలంటే డైనోసార్లకి భయపడి దాక్కునేవనే చెప్పేవాళ్లు. మన దేశంలో గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీలో ఇంకా అబ్బురపరిచే శిలాజం ఉంది. సనాజే అనే 3.5 మీటర్ల పాము, శాకాహారి డైనోసార్ గూట్లో, పగిలిన గుడ్డు చుట్టూ చుట్టుకుని, పక్కనే అప్పుడే పుట్టిన అర మీటరు పిల్లతో సహా రాయిగా మారిపోయింది. ధనంజయ్ మొహబే తవ్వి తీసిన ఆ రాయిని జెఫ్రీ విల్సన్ తదితరులతో కలిసి 2010లో ప్రచురించారు. అది 6.7 కోట్ల ఏళ్ల క్రితంది, టెనాంటోసారస్‌తో సంబంధం లేదు. డైనోసార్ల బతుకులో అన్నిటికంటే గడ్డుకాలం గుడ్డు పగిలిన మొదటి నెలలే అనడానికి అంతకంటే స్పష్టమైన రాయి నేను చూడలేదు.

ఎముకల లోపలి కణజాలం కూడా ఇదే చెబుతోంది. ఎముకని పల్చగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఏడాదికొకటి చొప్పున పెరుగుదల గీతలు కనిపిస్తాయి. టెనాంటోసారస్ మొదటి ఏళ్లలో వేగంగా పెరిగి, తర్వాత నెమ్మదించిందని సారా వెర్నింగ్ చూపించింది. 2008లో ఆమె, ఆండ్రూ లీ కలిసి ఒక టెనాంటోసారస్ ఎముకలో ప్రత్యేకమైన కణజాలం గుర్తించారు. ఆడ పక్షులు గుడ్లు పెట్టే ముందు పెంకుకి కావలసిన కాల్షియం దాచుకునే కణజాలం అది. ఆ జంతువు వయసు 8 ఏళ్లు, ఇంకా పూర్తిగా ఎదగలేదు. పూర్తిగా ఎదిగేదాకా ఆగకుండా ముందే గుడ్లు పెట్టడం ఎలాంటి జంతువుల్లో కనిపిస్తుందంటే, ఎక్కువ కాలం బతుకుతామన్న భరోసా లేనివాటిలో. ఆయుధాలు లేని ఈ జంతువు త్వరగా పెరగడం మీద, త్వరగా పిల్లల్ని కనడం మీద ఆధారపడింది. అది పనిచేసింది కూడా. క్లోవర్లీలో ఇంత ఎక్కువగా దొరికే పెద్ద డైనోసార్ మరొకటి లేదు.

మరి పూర్తిగా ఎదిగిన టెనాంటోసారస్‌కి శత్రువే లేదా? ఉంది, మీ పాప బొమ్మలో లేనిది అదే. ఆక్రోకాంథోసారస్ అనే మాంసాహారి ఆంట్లర్స్ పొరల్లో టెనాంటోసారస్‌తో పాటే దొరుకుతుంది, క్లోవర్లీలోనూ దాని ఎముకలు గుర్తించారు. పొడవు సుమారు 11 మీటర్లు, బరువు 5 టన్నులు అటూ ఇటూ, మెడ నుంచి తోక దాకా వెన్నుపూసల మీద పొడవాటి ముళ్ల వరస. 1950లో స్టోవాల్, లాంగ్‌స్టన్ అనే ఇద్దరు ఓక్లహోమా నమూనాలతో దీనికి పేరు పెట్టారు. టన్ను బరువు జంతువుని ఒంటరిగా పడగొట్టడానికి దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఎదిగిన టెనాంటోసారస్‌ని చంపింది ఇదే అయ్యుంటుందనేది పరిమాణాల్ని, కలిసి బతికిన చోటుని చూసి నేను చేసే అంచనా.

టెక్సస్‌లోని పాలక్సీ నది అడుగున ఉన్న మాంసాహారి అడుగుజాడలు కూడా ఆక్రోకాంథోసారస్‌వేనని చాలామంది అభిప్రాయం. 1938లో రోలాండ్ బర్డ్ చూసిన ఒక వరసలో పొడవు మెడ శాకాహారి అడుగుల వెంటే మూడువేళ్ల మాంసాహారి అడుగులు, అది మలుపు తిరిగినచోట ఇదీ మలుపు తిరుగుతూ కనిపిస్తాయి. మధ్యలో ఒకచోట మాంసాహారి అడుగు ఒకటి లేదు. ఆ క్షణంలో అది పట్టుకుని కొరికిందని, ఈడ్చుకుపోయిందని బర్డ్ నమ్మాడు. ఎప్పుడో వెళ్లిన జంతువు జాడలో తర్వాత ఇంకోటి నడిచి ఉండొచ్చని కొందరు వాదిస్తారు. ఆ రాతి పలకల్లో ఒక భాగం న్యూయార్క్ మ్యూజియంలో ఉంది. అమెరికాలో మీ బంధువులుంటే పాపతో వెళ్లినప్పుడు తప్పకుండా చూడండి.

"ఇది బతికున్నదాని మీద జరిగిన దాడి" అని గట్టిగా చెప్పించే రుజువుల్లో ముఖ్యమైనది మానిన గాయం. చచ్చినదానికి గాయం మానదు. టెనాంటోసారస్ కాలానికి చాలా తర్వాతది, ఎడ్మాంటోసారస్ అనే మరో శాకాహారి ఇందుకు మంచి ఉదాహరణ. డెన్వర్ మ్యూజియంలో ఉన్న ఒకదాని తోక మీద ఎముక ముక్క కొరికేసినట్టు పోయి, అంచులు మానిపోయి ఉన్నాయి. 2013లో రాబర్ట్ డీపాల్మా బృందం ప్రచురించిన నమూనా ఇంకా స్పష్టం. సౌత్ డకోటాలో దొరికిన శాకాహారి తోక ఎముకల మధ్య టైరనోసారస్ పన్ను ఇరుక్కుని ఉంది, దాని చుట్టూ కొత్త ఎముక పెరిగి రెండు పూసలూ కలిసిపోయాయి. దాడి జరిగింది, అది తప్పించుకుంది, ఆ తర్వాత కొన్ని నెలలో ఏళ్లో బతికింది. అలాగే 1971లో పోలండ్, మంగోలియా బృందం గోబీ ఎడారిలో తీసిన శిలాజంలో వెలాసిరాప్టర్, ప్రోటోసెరాటాప్స్ ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి. వేటగాడి గోరు శాకాహారి మెడ దగ్గర ఉంది, వేటగాడి చెయ్యి శాకాహారి నోట్లో చిక్కుకుని ఉంది. ఒక రాప్టర్, దాదాపు దాని పరిమాణమే ఉన్న ఒక శాకాహారి. రాప్టర్ వేట గురించి మనకి నేరుగా దొరికిన దృశ్యం అదొక్కటే, అందులో గుంపు లేదు.

మీ పాపతో ఆ బొమ్మని మళ్లీ గీయించాలనుకుంటే నేను చెప్పేది ఇది. టెనాంటోసారస్‌ని సగం సైజుకి తగ్గించండి. ఒక డైనోనికస్ దాని మీద వాలి గోళ్లతో పట్టుకుని, ఈకల చేతులు చాచి బ్యాలెన్స్ చేసుకుంటున్నట్టు గీయమనండి. కొంచెం దూరంలో ఇంకో రెండు మూడు డైనోనికస్‌లు, వాటిలో చిన్నదాన్ని పెద్దది తరుముతున్నట్టు పెట్టండి. వెనక ఎదిగిన టెనాంటోసారస్‌లు తోకలు బిగించి పక్కకి జరుగుతుండాలి. ఇంకా దూరంలో, చెట్ల అవతల, ఆక్రోకాంథోసారస్ వీపు కనిపిస్తే సరి. ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి గీయగల బొమ్మ అది.

ఇక హైదరాబాద్ సంగతి. నౌబత్ పహాడ్ మీద బి.ఎం. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. అది తెలంగాణలో గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర కోట అనే రాతి పొరల్లో దొరికిన శాకాహారి. 1988లో పి. యాదగిరి దానికి పేరు పెట్టారు. టెనాంటోసారస్‌కంటే ఆరేడు కోట్ల ఏళ్లు ముందుది, పొడవు మెడ జాతిది. యామనపల్లి దగ్గర కనీసం 12 జంతువుల ఎముకలు కలిసి దొరికాయి గానీ పుర్రె దొరకలేదు, కాబట్టి అక్కడ కనిపించే తల ఊహించి పెట్టినదని పాపకి ముందే చెప్పండి. తొడ ఎముక పక్కన పాపని నిలబెట్టి చూపించండి, తర్వాత తోక వెంట చివరిదాకా నడిపించండి. పూస ఎలా మారుతూ చిన్నదవుతుందో చూస్తే తోక ఎంత బరువుగా ఉండేదో ఆ వయసు పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. వెళ్లొచ్చాక పాప అడిగే ప్రశ్నలుంటే ఇక్కడే రాయండి, నాకు తెలిసినంతలో చెబుతాను.